నా మార్కుల పట్టీ, నీలవేణి కుంచం

2023 సెప్టెంబరు. శ్రీకాకుళం పక్కన ఒక విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో నేను కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. మాది విజయనగరం. పిల్లల దగ్గర నాకు రెండు పేర్లున్నాయి. ఎదురుగా పిలిచేది సరోజినీ మేడం, వెనకాల పిలిచేది స్కేలు మేడం. కాగితం మీద గీత వంకరగా ఉంటే నాకు అన్నం సహించదు. ఆ పేరు మీద నాకేమీ కోపం లేదు.

ఆ ఏడాది మాకో కొత్త కోర్సు వచ్చింది. బీఎస్సీ, బీఏ, బీకామ్ అన్న తేడా లేకుండా మొదటి సంవత్సరం పిల్లలంతా ఒకే గదిలో కూర్చుని చదివే కోర్సు. ఇంటర్‌డిసిప్లినరీ అంటారు. ఒక్కో యూనిట్‌కి ఒక్కో వస్తువు తీసుకుంటాం, దాన్ని లెక్కలూ సైన్సూ చరిత్రా కలిసి చూస్తాయి. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. మా ఉద్యోగాల్లో వర్క్‌లోడ్ అని ఒకటుంది, అంటే వారానికి ఎవరెన్ని గంటలు పాఠం చెప్పాలన్న లెక్క. ఇద్దరు కలిసి ఒక గంట చెబితే ఆ గంట ఎవరిదో తేల్చే దారి మా దగ్గర లేదు. అందుకని అందరూ కోర్సుని మెచ్చుకుని, ఎవరి క్లాసుకి వాళ్ళు వెళ్ళిపోయారు.

చివరికి ఒక టీచింగ్ ఫెలోషిప్ మంజూరైంది. పీహెచ్‌డీ చేస్తున్న ఒకరికి మూడేళ్ళపాటు నెలనెలా భృతి ఇస్తారు, బదులుగా వాళ్ళు వారానికి ఆరు గంటలు ఈ కోర్సు చెప్పాలి. ఉన్నది ఒక్కటే. ఎంపిక చెయ్యడానికి ముగ్గురం. లెక్కల ప్రొఫెసర్ సన్యాసిరావు గారు, చరిత్ర ప్రొఫెసర్ జగన్నాథం గారు, సైన్సు తరఫున నేను. ముగ్గురూ మార్కులు వెయ్యడానికి పట్టీ తయారుచేసింది నేనే. మూడు గడులు, మూడు రంగులు, పదేసి మార్కులు. ఎవరి సబ్జెక్టు ఎంత బాగా చెప్పారో వాళ్ళు వాళ్ళ గడిలో వెయ్యాలి. ఆ పట్టీని చూసుకుని ఆ వారమంతా మురిసిపోయాను.

ఆఖరుకి ఇద్దరు మిగిలారు. ఒకరు కిరణ్, కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్నాడు. మాట స్పష్టంగా ఉంటుంది, బోర్డు మీద రాత ఇంకా స్పష్టంగా ఉంటుంది. రెండో మనిషి నీలవేణి. నరసన్నపేట దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ రెండో ఏడు. అప్పటిదాకా ఆమెకి వస్తున్న సాయం ఆ నెలతో ఆగిపోతోంది. విశాఖపట్నంలో ఒక జూనియర్ కాలేజీ ఆమెకి లెక్కలు చెప్పే ఉద్యోగం ఇస్తామంది, సోమవారం ఉదయం వచ్చి చేరాలని షరతు పెట్టింది. పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా పని. అక్కడ చేరితే పీహెచ్‌డీ అటకెక్కినట్టే. ఈ సంగతి ఆమె దరఖాస్తులో రాయలేదు, ఆమె గైడ్ మాటల్లో చెప్పారు.

శుక్రవారం డెమో క్లాసులు. అంటే నిజమైన పిల్లల ముందు నలభై నిమిషాలు పాఠం చెప్పి చూపించడం. వస్తువు వాళ్ళే ఎంచుకోవాలి. కిరణ్ ఉప్పు తెచ్చాడు. స్ఫటికం ఎలా కడుతుందో బొమ్మ గీసి, ఒక్క మాట తడబడకుండా చెప్పాడు. పిల్లలు చక్కగా నోట్సు రాసుకున్నారు. నేను నా గడిలో తొమ్మిది వేశాను.

నీలవేణి తువ్వాల్లో చుట్టిన మూట ఒకటి తెచ్చి బల్ల మీద విప్పింది. లోపల ఇనప కుంచం. వాళ్ళింట్లో ధాన్యం కొలిచేది, అంచు అరిగి మెరుస్తోంది. మూడు సంచుల్లో వడ్లు, బియ్యం, మినుములు తెచ్చుకుంది. కుంచంలో వడ్లు పోసింది. అంచుదాకా వచ్చాక కూడా పోస్తూనే ఉంది. పైన కుప్ప నిలబడి, ఇక గింజ ఆగక జారిపోయేదాకా పోసింది.

"ఇప్పుడు చెప్పండి. కుంచం ఇందాకే నిండిందా, ఇప్పుడు నిండిందా?"

సగంమంది ఇందాకే అన్నారు, సగంమంది ఇప్పుడన్నారు. పావని అని శ్రీకూర్మం నుంచి వచ్చే బీకామ్ అమ్మాయి లేచి, "మాయమ్మ కుప్పగానే కొలుస్తాది మేడం. పైది అంచుకాడికి తుడిసేసి కొలిస్తే అది కొలత కాదంటాది," అంది. వెనక బెంచీ కుర్రాడొకడు అలాగైతే మినుములకి అన్యాయం జరుగుతుందన్నాడు. ఏం అన్యాయమో చూద్దాం రమ్మని నీలవేణి వాణ్ణే పిలిచి మినుములు పోయించింది. నున్నటి గింజలు కదా, కుప్ప కట్టకుండా జారిపోయాయి. అదే కుంచం, గింజ మారితే పైన నిలిచేది మారిపోయింది. ఆ కుప్ప ఎత్తు కొలిచి బోర్డు మీద శంకువు లెక్క వేయించింది. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడిగి ఆగింది. "తుడిచి కొలవాలా, కుప్పగా కొలవాలా అన్నది వెనకటికి ఎవరు నిర్ణయించేవారు? కొలిచేవాళ్ళా, కొలిపించుకునేవాళ్ళా?" గంట కొట్టేసరికి గదంతా గోలగా ఉంది, నేల మీద గింజలు. ఆ గింజలు చూసి నాకు చిరాకేసింది. ఉన్నమాట చెబుతున్నాను.

మార్కులు వేశాం. శంకువు లెక్క పదో తరగతిదే కదా అని సన్యాసిరావు గారు ఐదు వేశారు. ప్రశ్న అడిగింది గానీ జవాబు చెప్పలేదని జగన్నాథం గారు ఐదు వేశారు. గింజకీ గింజకీ మధ్య రాపిడి గురించి శాస్త్రీయంగా ఒక్క మాటైనా చెప్పలేదని నేనూ ఐదు వేశాను. మొత్తం పదిహేను. కిరణ్‌కి పంతొమ్మిది. శనివారం మధ్యాహ్నం ముగ్గురం సంతకాలు పెట్టేస్తే పని అయిపోతుంది.

శనివారం ఉదయం నేను వెళ్ళేసరికి మా వరండాలో దారి లేదు. పావనీ, మరో పదిమందీ నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. ఎవరింట్లోంచి వాళ్ళు తవ్వలూ సోలలూ అడ్డలూ, ఉన్న కొలపాత్రలన్నీ పట్టుకొచ్చారు. ఆ రోజు వాళ్ళకి క్లాసు లేదు. మధ్యలో పళ్ళెం నిండా వడ్లు, కొన్ని పొడివి, కొన్ని తడిపినవి.

"ఏం చేస్తున్నారిక్కడ?" అన్నాను, స్కేలు మేడం గొంతుతో.

"సూడండి మేడం," అంది పావని. "తడిసిన వడ్లు కుప్ప ఎత్తుగా నిలబడతన్నాది. మరి కళ్ళంలో కొలిసినప్పుడు అవి ఎండినాయో నేదో ఎవులు సూస్తారు? ఎండకుండా కొలిస్తే లాభం ఎవులికి?"

మొదటి సగానికి నా దగ్గర జవాబుంది. తడి ఉంటే గింజలు ఒకదాన్నొకటి ఎందుకు పట్టుకుంటాయో చెప్పాను. రెండో సగం చరిత్రది. జగన్నాథం గారిని పిలిచాను. పాత శాసనాల్లో కొలతల పేర్లు చూశాను గానీ, కుప్పా తుడుపా అన్నది వెతకాలని తనకెప్పుడూ తోచలేదని ఆయన ఒప్పుకున్నారు. అరవై దగ్గరపడిన మనిషి, పావని పక్కన కూర్చుని ఆమె చెప్పేది కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టారు. సన్యాసిరావు గారు దారిన పోతూ ఆగి, వీళ్ళు కుప్ప ఎత్తు కొలిచే పద్ధతి తప్పని గొణిగి, చెప్పులు పక్కన విడిచి, ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని చతికిలబడ్డారు. గంటంపావు మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. ఇరవై నాలుగేళ్ళలో మా మూడు డిపార్ట్‌మెంట్లు గంటంపావు పాటు ఒకే విషయం మీద పోట్లాడుకోవడం నేనెరగను. మనసు తేలికపడి, నవ్వొచ్చింది.

సన్యాసిరావు గారే ముందు అన్నారు. "ఏటండీ మేడం, నిన్నటి క్లాసు ఇంకా అవ్వనట్టున్నాది. మన పట్టీలో ఈ గంటకి మార్కులెక్కడ వెయ్యాల?"

ఎక్కడా వెయ్యలేం. అప్పుడు వెలిగింది నాకు. సబ్జెక్టుల మధ్య గోడలు తీసేసే కోర్సుకి మనిషిని వెతకమంటే, నేను మూడు గోడలున్న పట్టీ గీసిచ్చాను, రంగులేసి మరీ. ఒక్క సబ్జెక్టునే చెప్పినవాడు ఒక గడిలో గెలిచాడు. మూడింటినీ కలిపి చెప్పిన పిల్లకి మూడు గడుల్లోనూ సగం సగం వచ్చింది. ముగ్గురం చదువుకున్నవాళ్ళం, ఆమె పాఠంలో ఎవరి ముక్క వాళ్ళం తుంచుకుని, ముక్క చిన్నదిగా ఉందని మార్కులు కోసేశాం.

అలాగని మార్కులు దిద్దెయ్యడం కుదరదు. అది కిరణ్‌కి అన్యాయం. నిబంధనలు తీసి చదివాను. సంతకాలు పడకముందు ముగ్గురూ ఒప్పుకుంటే ఇద్దరు అభ్యర్థులకీ మరో డెమో పెట్టవచ్చని ఉంది. కొత్త పట్టీలో ఒక్కటే గడి పెట్టాం. పిల్లల ప్రశ్నని పట్టుకుని వీళ్ళు పాఠాన్ని ఎంత దూరం తీసుకెళ్ళారు అన్నది చూడాలి, ముగ్గురూ కలిసి ఒకే మార్కు వెయ్యాలి. వస్తువులు పాతవే. ఈ సంగతి ఇద్దరికీ ముందే చెప్పాలి. ఇక గదులూ పిల్లలూ దొరికేది సోమవారం ఉదయమే.

ఫోను చేస్తే కిరణ్ వెంటనే సరేనన్నాడు. నీలవేణి దగ్గర నా గొంతు తగ్గింది. సోమవారమే ఆమె విశాఖపట్నంలో చేరాలి. ఇక్కడికొస్తే ఆ ఉద్యోగం పోతుంది, ఇదొస్తుందన్న హామీ నేనివ్వలేను. అదంతా దాచకుండా చెప్పాను. తప్పు నా పట్టీలో ఉందని కూడా చెప్పాను.

ఆమె అడిగింది ఒక్కటే. "ఆ పట్టీ మీరే రాసినారా మేడం?"

"నేనే."

"అయితే మంచిదే. రాసినోళ్ళే దిద్దతన్నారు." ఆ తర్వాత, "మానాన్నని అడిగి సెప్తాను," అంది.

ఆ రోజంతా నాకు ఏ పనీ తోచలేదు. సాయంత్రం మూడు మాటల మెసేజ్ వచ్చింది. సోమవారం వస్తన్నాను మేడం అని.

సోమవారం కిరణ్ ముందు చెప్పాడు. ఈసారి నౌపడ ఉప్పుమళ్ళ నుంచి మొదలుపెట్టి, శుక్రవారం కంటే ఎంతో బాగా చెప్పాడు. తర్వాత నీలవేణి వచ్చింది, వెనకాలే వాళ్ళ నాన్నగారు. తెల్లపంచె, భుజాన తువ్వాలు. ఎందుకొచ్చారని నేనడగకముందే ఆయనే చెప్పారు. "మా కుంచం అట్టుకెళ్ళి నాలుగురోజులైనాది తల్లీ. ఇంట్లో కొలుసుకోడానికి నేదు. పాఠమైపోతే పట్టుకుపోతాను." వెనక బెంచీలో కూర్చోబెట్టాం.

శుక్రవారం నుంచి ఏ ప్రశ్న మిగిలిందని నీలవేణి పిల్లల్ని అడిగితే, పావని లేచి తడి ధాన్యం ప్రశ్న అడిగింది, నీలవేణి దాన్నే బోర్డు మీద రాసింది. కొలిచి చూద్దామని సన్యాసిరావు గారినే ముందుకు పిలిచింది. ఆయన ఉత్సాహంగా కుంచం నింపి, పళ్ళెంలో గుమ్మరించి, "ఒకటి" అన్నారు.

వెనక బెంచీ నుంచి నాన్నగారు లేచి నిలబడ్డారు. "బాబూ, ఏటనుకోకండి. ఒకటి అనకూడదు. లాభం అనాల. లాభం, రెండు, మూడు, అలాగ."

పిల్లలు గొల్లుమన్నారు. సన్యాసిరావు గారు మళ్ళీ కుంచం నింపి, బుద్ధిగా "లాభం" అన్నారు. పాఠం మధ్యలో ఇలాంటిది జరిగితే చాలామంది మాస్టార్లు చెయ్యి ఊపి, సరే ముందుకెళ్దాం అంటారు. నేనైతే అదే చేసి ఉండేదాన్ని. నీలవేణి సుద్దముక్క కింద పెట్టి పిల్లల వైపు తిరిగింది.

"నాన్న చెప్పింది విన్నారు కదా. కొలత మొదలవ్వగానే లాభం అంటున్నాం. లాభం ఎవరిది? కొలిచే మనిషిదా, కొలిపించుకునే మనిషిదా, ధాన్యానిదా? పావనీ, నువ్వు ఇందాక అడిగింది ఇదే కదూ."

అక్కడినుంచి ఆ గది ఎటెటో తిరిగొచ్చింది. ధాన్యం తడి గురించి వాళ్ళ నాన్నగారిని ప్రశ్నలడిగింది ఒక బీఎస్సీ పిల్ల. చేత్తో పట్టుకుని, పంటితో కొరికి చూసి చెప్పేస్తామన్నారాయన. ఎన్నిసార్లు సరిగ్గా చెప్పగలరో పరీక్ష పెడదామని ఇంకొకడు. అలాంటి పరీక్ష ఎలా పెట్టాలో స్టాటిస్టిక్స్‌లో నీలవేణి అక్కడికక్కడే చూపించింది. నలభై నిమిషాలకి గంట కొట్టినా ఎవరూ లేవలేదు. నేల నిండా గింజలున్నాయి, ఈసారి నాకు చిరాకు రాలేదు.

మార్కు వెయ్యడానికి మాకు రెండు నిమిషాలు పట్టింది. ఫలితం నేనే చెప్పాను. నీలవేణి కుంచాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. కిరణ్ ఆమెతో చెయ్యి కలిపి, "కుంచం ముందు ఉప్పు నిలబడలేదు," అని నవ్వాడు. మరుసటి ఏడు రెండో ఫెలోషిప్ వస్తే అతను మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. ఇప్పుడు ఉప్పు యూనిట్ అతనిదే.

నాన్నగారు కుంచం కోసం చెయ్యి చాపి, కూతురి మొహం చూసి వెనక్కి తీసుకున్నారు. "ఉంచుకో అమ్మా. సంతలో ఇంకోటి కొంటాన్లే."

ఆ కుంచం ఇప్పుడు మా గదిలో ఉంది. పాత పట్టీని మడిచి అందులోనే వేశాను. ప్రతి ఏడూ ఎంపికలకి ముందు దాన్ని తీసి ఒకసారి చూసుకుంటాను. మనిషిని కొలిచే ముందు నా కొలతని కొలుచుకోవాలని ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు నేర్పింది ఆ పిల్లే. సిగ్గుపడ్డాను, అంతకంటే ఎక్కువ సంతోషపడ్డాను.

ఫెలోగా నీలవేణి మొదటి క్లాసుకి నేను వెనక బెంచీలో కూర్చున్నాను, నాన్నగారు కూర్చున్న చోటే. ఆమె హాజరుపట్టీ తెరిచి, గొంతు సవరించుకుని పిలిచింది.

"రోల్ నంబర్ వన్."

పావని లేచి నిలబడింది. "లాభం మేడం."