తొమ్మిదో పేజీలో నీళ్ళు

కప్పు అడుగున సన్నని చిల్లు ఉంటుంది. చిల్లుకు వేలు అడ్డం పెట్టి, జిగురుతో నింపి, వేలు తీసేసి, ధార తెగేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. ముప్పైకీ ముప్పైనాలుగుకీ మధ్య తెగితే సరుకు బాగున్నట్టు, అంతకన్నా ఎక్కువ పడితే చిక్కబడినట్టు. ఇరవైరెండేళ్ళుగా ల్యాబులో ఆమె చేస్తున్న పని ఇదే.

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను వదిన అంటారు. నిజానికి ఆమె ఒక్కడికే వదిన. జిగురు ఉడికించే రియాక్టరు నడిపే మరిది పిలవగా పిలవగా ఆ పిలుపు గేటుదాకా పాకింది. కొత్త మేనేజరు వచ్చిన మొదటిరోజు హాజరు పట్టీ అంతా వెతికి, "ఇందులో వదిన గారని ఎవరూ లేరేంటి?" అన్నాడు.

పాత యజమాని రేకుల షెడ్డులో ఒక్క రియాక్టరుతో మొదలుపెట్టాడు. అట్టపెట్టెల కాగితానికి పూసే జిగురు అతని సరుకు. దానికి పేరొచ్చింది. పేరొచ్చాక పెద్ద కంపెనీ వచ్చింది. ఆ కంపెనీ సొంతంగా కట్టుకున్నది ఒక్క ఫ్యాక్టరీయే, మిగతావన్నీ కొన్నవి. తోలు మెత్తబరిచే మందుల వాళ్ళను కొంది. పెయింటులో నురగ ఆపే మందు చేసేవాళ్ళను కొంది. కాగితం పని చేసేవాళ్ళు మాత్రం అప్పటికింకా చేతికి రాలేదు.

కొనేముందు వాళ్ళ మనుషులు నలుగురు వారం రోజులు కూర్చున్నారు. ల్యాబుకు పద్నాలుగు పేజీల ఫారం ఇచ్చారు. తొమ్మిదో పేజీలో 'తయారీకి వాడే నీరు' అని ఉంది. పక్కన రెండు గళ్ళు. ఒకటి బోరునీరు, ఒకటి శుద్ధిచేసిన నీరు. శుద్ధియంత్రం ఉంది కానీ ఆ నీళ్ళు బాయిలరుకే పోతాయి. జిగురులో పడేవి బోరునీళ్ళే.

"శుద్ధిదని పెట్టమ్మా," అన్నాడు పాత యజమాని, వెనక నిలబడి.

"బోరు కదండీ."

"అమ్మకానికి తోలే గేదెకు ఒళ్ళు కడగరా? పెట్టు."

ఆమె టిక్కు పెట్టి కింద సంతకం చేసింది.

నాలుగేళ్ళు ఆ పేజీ ఎవరూ తిప్పలేదు. బోరునీళ్ళు గోడమీది పాత ట్యాంకులోకి, ట్యాంకులోంచి జిగురులోకి పోతూనే ఉన్నాయి. తర్వాత పెద్ద కంపెనీ, సముద్రం అవతలి ఇంకో కంపెనీ కలిసి జిగురు వ్యాపారాన్ని చెరిసగం చేసుకున్నాయి. అవతలివాళ్ళు పాతదానికి నాలుగింతల రియాక్టరు పంపారు. కాగితాల్లో ఉన్నట్టే గొట్టాలు బిగించారు. నీటిగొట్టం శుద్ధియంత్రానికి తగిలించారు. దాన్ని నడిపే పని మరిదికి ఇచ్చారు.

మొదటి దఫా సరుకు నలభై ఏడు సెకన్లు పట్టింది. రెండోది యాభైరెండు. మూడోది పంపులో ఇరుక్కుపోయింది.

మీ మనిషికి నడపడం రాదని అవతలి సగం అంది. మీ రియాక్టరే బాగోలేదని ఇవతలి సగం అంది. ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా చిరిగేది ఆకే. మరిదిని కూర్చోబెట్టి రోజూ అవే ప్రశ్నలు అడిగారు.

"వేడి ఎంత పెట్టావు?"

"కాగితంలో ఎంతుంటే అంత."

"ఎంతసేపు తిప్పావు?"

"తల తిరిగేదాకా సార్. నాది."

మేనేజరు నవ్వలేదు.

మూడోరోజు ఆమె కొత్త గొట్టం నీళ్ళు గాజుకుప్పెలో పోసి, అడుగంటేదాకా మరిగించింది. బోరునీళ్ళయితే అడుగున తెల్లని వలయం మిగులుతుంది. కుప్పె తుడిచినట్టు ఉంది. ఈ జిగురును పల్చగా ఉంచేది నీళ్ళలో ఉన్న ఆ ఉప్పేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. కుప్పె కడిగి బోర్లించింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తొమ్మిదో పేజీ బయటికొస్తుంది. దాని కింద ఉన్న సంతకం పాత యజమానిది కాదు.

వాళ్ళది రెండు వాటాల ఇల్లు. కింద మరిది కాపురం, పైన ఆమెది. ఆరోరోజు తోడికోడలు మెట్ల మీద అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. తప్పు ఈయనదేనా?"

"నాకేం తెలుసే."

"అన్నం ముందు కూర్చుని కూడా వాల్వులంటున్నాడు."

"కుదురుకుంటుందిలే."

పదమూడో రోజు పొద్దున మేనేజరు బల్ల మీద మరిది పేరుతో కాగితం చూసింది. పనిలోంచి తీసేసే కాగితం. అప్పటికి సంతకం పడలేదు. చేతిలో ఉన్న రీడింగులు బల్ల మీద పెట్టి నిలబడింది.

"ఇంకేమైనా ఉందా?"

"తప్పు అతనిది కాదండీ. నీళ్ళది."

"నీళ్ళకేమైంది?"

"ఏమీ కాలేదు. మరీ శుభ్రంగా ఉన్నాయి, జిగురును పల్చగా ఉంచే ఉప్పు లేదు." ఆమె రీడింగుల కాగితం అతని వైపు జరిపింది. "ఇక్కడ జిగురు ఎప్పుడూ బోరునీళ్ళతోనే చేశాం. ఫారంలో శుద్ధినీళ్ళని రాసింది నేనే."

మేనేజరు కుర్చీ వెనక్కి జరిపాడు. "ఎందుకు రాశారు?"

"లేకపోతే మీరు కొనరన్నారు."

"నీళ్ళు చూసి ఎవరు మానేస్తారండీ? ముందే చెబితే ఆ నీళ్ళలో ఇంత ఉప్పు కలిపేవాళ్ళం, పోయేది."

మధ్యాహ్నం చిన్న కుండలో బోరునీళ్ళతో చేసి చూశారు. కప్పు పట్టుకుంది ఆమే, గడియారం పట్టుకుంది మేనేజరు. ముప్పైరెండు. అవతలి కంపెనీకి ఫోను వెళ్ళింది. మరిది కాగితం చింపేశారు. ఆమె పేరున ఇంకో కాగితం తయారైంది. ఉద్యోగం పోలేదు. కప్పు ఆమే పట్టొచ్చు, ఫలితం కింద సంతకం మాత్రం ఇకనుంచి ఇంకొకరు చేస్తారు. చదివి, తీసుకున్నట్టు రాసిచ్చింది.

మరిది రియాక్టరు మెట్ల దగ్గర చేతులకు తొడుగులు వేసుకుంటున్నాడు.

"ఎప్పుడు తెలిసింది వదినా?"

"మూడోరోజు."

అతను రెండో తొడుగు వేళ్ళు సరిచేసుకున్నాడు. "మా ఆవిడ మెట్ల మీద అడిగిందే, అప్పటికి?"

"తెలుసు."

"ఊఁ," అన్నాడు. పైన ఎవరో పిలిస్తే మెట్లెక్కాడు. సగం ఎక్కి, వెనక్కి చూడకుండానే, "బోరు వాల్వు తిప్పమని చెప్పు," అన్నాడు.

ఆమె పంపుగది వైపు నడిచింది.