‘తెలంగాణ వచ్చినంక’ అనే పద్దు

ఆ రోజుల్లో, అంటే ఊరూరా ప్రత్యేక రాష్ట్రం కోసం శిబిరాలు వెలిసిన రోజుల్లో, మహబూబాబాద్‌లో (మాకు అది ఇప్పటికీ మానుకోటే) మా ఆఫీసు మొత్తానికి క్రెడిట్ కార్డు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అది ఎంత గొప్పో మొదటి నెల తెలిసింది, ఎంత పరేషానో రెండో నెల నుంచి తెలిసింది. కార్డు లెక్కలు రాసుకోమని హైదరాబాదు నుంచి మా బామ్మర్ది ఒక సాఫ్ట్‌వేర్ సీడీ తెచ్చిచ్చాడు. ఆ మహానుభావుణ్ణి నేను నేటికీ క్షమించలేదు. ఏ ఖర్చు రాసినా అది ఏ పద్దు కిందకు వస్తుందో చెప్పందే ముందుకు కదిలేది కాదు. బచ్చన్నపేటలో మా అవ్వ బర్రెకు తవుడు కొంటే ‘పెంపుడు జంతువులు’ కింద రాయాల్సి వచ్చింది. (అవ్వకు ఈ సంగతి చెబితే బర్రెనూ నన్నూ మార్చి మార్చి చూసింది.)

మా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు ఒకాయన ఉండేవాడు. గొంతెత్తితే రైల్వే గేటు దాకా వినిపించేది కనుక అందరికీ ఆయన నినాదాలన్న. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినే వంటావార్పు నిరసనలకు బియ్యం, పప్పు, నూనె ఆయన బాధ్యత. డబ్బు మాత్రం నా బాధ్యత ఎట్లా అయిందో దేవుడికే తెలియాలి. “తమ్మీ, జర కార్డు గీకు. పైసలు తెలంగాణ వచ్చినంక ఇస్త” అనేవాడు. కాదంటే ఉద్యమ ద్రోహి అంటారని గీకేవాణ్ణి. ఇంటికొచ్చి కూర్చుంటే సాఫ్ట్‌వేర్ మళ్లీ పద్దు అడిగేది. వంటావార్పు ‘వినోదం’ కాదు, ‘హోటల్ భోజనం’ కాదు. ఒళ్లు మండి ‘తెలంగాణ వచ్చినంక’ అని కొత్త పద్దు తెరిచాను.

అసలు తలనొప్పి అది కాదు. నెల తిరిగేసరికి తెర మీద అంకెలన్నీ ఎర్రగా కనిపించేవి. జీతం ఇంత, ఖర్చు దానికి రెండింతలు! ఇంట్లో ఒక సబ్బు అరిగినా మా ఇంటామె మీద కస్సుమనేవాణ్ణి. అట్లాంటి సమయంలో సమ్మె ముంచుకొచ్చింది. ఎన్నాళ్లు నడుస్తుందో తెలియదు, నడిచినన్నాళ్లూ జీతం రాదు. ముందు రోజు మా పెద్దసారు నన్ను పక్కకు పిలిచి, “రిజిస్టరు నా బీరువల ఉంటది. పొద్దుగాల చప్పుడు చెయ్యకుండ వచ్చి సంతకం పెట్టినోళ్లకు జీతం ఆగది” అన్నాడు. సంతకం పెడితే మర్నాటి నుంచి ఆఫీసులో ఎవరి ముఖమూ చూడలేను. పెట్టకపోతే రెండు నెలల్లో ఇల్లు మునుగుతుందని సాఫ్ట్‌వేర్ అంటోంది. చివరికి దాని మాటే విన్నాను.

తెల్లారగట్ల చెప్పులేసుకుంటుంటే మా ఇంటామె అడ్డం నిలబడింది. “ఎటు పోతున్నవయ్య, గింత పొద్దుగాల?”

నిజం చెప్పాను. నమ్మకపోతే చూడమని కంప్యూటరు కూడా పెట్టి చూపించాను. ఆమె పాల లెక్కను గోడ క్యాలెండరు మీద గీతలు పెట్టి చూసుకునే మనిషి. తెర మీద వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. “కిరాణం సామాను గిక్కడ ఉన్నది. మల్ల కింద కార్డు బిల్లు అని గవే పైసలున్నయ్. గిదేంది?”

“తెచ్చినప్పుడు రాసిన, కట్టినప్పుడు రాసిన. మా బాపు ఖాతా బుక్కుల గట్లనే రాస్తడు.”

“మామ కట్టినంక పాత గీత కొట్టేస్తడు. నువ్వు కొట్టేసినవా?”

ఎట్లా కొట్టేస్తాను? ఆ సాఫ్ట్‌వేర్‌లో కొట్టేయడానికి పెన్ను లేదు మరి.

“గింత సదువు సదివి, ఒక్క సంచి బియ్యాన్ని రెండుసార్లు రాసుకుంట నన్ను తిట్టినవు! మన ఇంట్ల మూడు నెలలకు సాలేటన్ని గింజలున్నయ్. పో, పోయి శిబిరంల కూసో” అంది.

సిగ్గుతో బయటికొస్తే అరుగు మీద నినాదాలన్న కూర్చుని ఉన్నాడు. “ఇప్పుడే వచ్చిన తమ్మీ. కార్డు తీస్కో, బియ్యం కావాలె” అన్నాడు. ఆ రోజు కిక్కురుమనకుండా గీకాను.

రాష్ట్రం వచ్చింది. నినాదాలన్న రిటైరై దంతాలపల్లిలో పత్తి వేసుకుంటున్నాడు. మొన్న పాత కంప్యూటరు తీసేయబోతూ చూస్తే ఆ పద్దు అట్లాగే ఉంది. తమాషాకు ఫోన్ చేశాను.

“అన్నా, తెలంగాణ వచ్చింది గద. మరి నా పైసలు?”

పడీ పడీ నవ్వాడు. “ఇస్త తమ్మీ, యాడికి పోతయి?” అని, గొంతు తగ్గించి అన్నాడు: “సమ్మె మొదలైన పొద్దు మీ అరుగు మీద ‘ఇప్పుడే వచ్చిన’ అంటి గద, అది అబద్దం. అంతకుముందే వచ్చిన, మీ మాటలన్నీ విన్న. ఇన్నేండ్లల్ల ఎవ్వలకు చెప్పలే. గది ఏ పద్దుల రాసుకుంటవ్?”

ఫోన్ పెట్టేసి ఆ పద్దులోని మొత్తాన్ని నాకు రావాల్సిన వరుసలోంచి తీసి, నేను ఇవ్వాల్సిన వరుసలో వేశాను. ఈసారి ఒక్కసారే రాశాను.