సముద్రం ఒడ్డున మా మాట

భీమిలి దగ్గర ఒక సముద్రపు పల్లెల నాలుగు రోజులకు మా ఆయన, నేను ఇల్లు అద్దెకు తీసుకున్నం. ఏది కావాలన్నా నడిచిపోయే దూరమే. సికింద్రాబాద్ యాస విని నవ్వుతరేమోనని దుకాణాల్ల పుస్తకం భాషే మాట్లాడేదాన్ని.

రెండో రోజు పొద్దున ఆయన బీచ్‌కు బయల్దేరితే వాకిట్లకెళ్లి పిలిచిన. "జెర ఆగుండ్రి, నేను సుత వస్తున్న."

చేపలు ఎండబెడుతున్న పక్కింటి మరియమ్మ చెయ్యి ఆగిపోయింది. "మళ్లీ అనండమ్మా," అన్నది.

మా సికింద్రాబాద్ మారేడ్‌పల్లిల ఒక బడిల పదకొండేండ్లు ఆయాగ చేసిందంట. నాకు తెల్సిన బడే. భర్తకు జబ్బు చేస్తే ఊరికి వచ్చేసింది. ఆయన పోయినంక మళ్లీ వెళ్లలేకపోయింది.

"ఆ బళ్లో పిల్లలంతా ఇలాగే మాట్లాడేవోరు. ఇక్కడ ఆ మాట అనేవోరెవరూ లేరమ్మా."

మేం బయల్దేరే రోజు తన ఫోన్‌ల రికార్డింగ్ పెట్టి తెచ్చి నా చేతిల పెట్టింది. "ఏదైనా మాట్లాడండమ్మా, దాచుకుంటాను."

సికింద్రాబాద్ స్టేషన్‌ల దిగి ఆ బడి దాకా ఎట్ల నడిచిపోవాల్నో, ఒక్కో మలుపు చెప్పుకుంట పోయిన. ఆమె కండ్లు మూసుకొని తల ఊపింది. బడి గేటు వచ్చిందని ఆపితే, మెల్లగ అన్నది.

"లోపలికి కూడా తీసుకెళ్లండమ్మా."