అక్కకు లేని కాలం

మా అక్కకు మూర్ఛ వచ్చేది. వచ్చి పోయినంక కండ్లు తెరిచి ముందుగాల ఒక్కటే అడిగేది: "తమ్మీ, ఎంతసేపైంది? నేనేం జేసిన?" చిన్నప్పటి సంది అది చెప్పుడు నా పని. ఎట్ల పడ్డది, చెయ్యి ఎటు కొట్టుకున్నది, ఎవలెవలు చూసిండ్రు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలె. చెప్పేదాక ఆమెకు నిమ్మళం ఉండకపోయేది. "మీకు పొద్దంత ఒక్క తీరుగ సాగుతది. నాకు నడుమల ఎవడో కత్తిరించుకపోయినట్టు ఉంటది" అనేది.

డెబ్బైల చివర్ల నేను హన్మకొండల ఫిలాసఫీ ఎమ్మే చదువుతున్న. అబ్బో, ఏం పొగరు! ఇంటికొచ్చి ఆమెకే పాఠం చెప్పేటోన్ని. గాఢనిద్రల సుత లోపల ఒక సాక్షి మేల్కొనే ఉంటడు, అందుకే లేచినంక "హాయిగ పన్న, ఏం తెల్వలే" అనగలుగుతం అని మన వేదాంతులు చెప్పిన ముచ్చట చెప్పిన. "నిద్రల హాయి తెలుస్తది. మూర్ఛల అది గూడ లేదు. మరి అప్పుడు నీ సాక్షి ఏడికి పోయిండు?" అన్నది అక్క. నాకు తెల్వదని ఒప్పుకోక, "నీకు అర్థం గాదులే" అన్న. సిగ్గులేని మాట.

మాది మిల్లు పక్క గల్లీ. నాయిన అండ్లనే పని. ఇంట్ల గడియారం లేదు, కావాల్నని ఎవలూ అనుకోలే. సైరన్ కూస్తే అన్నం, సైరన్ కూస్తే నీళ్లు. దవాఖానల రెండు గంటలకని రాసిచ్చిన అక్క మూర్ఛ గోలీ గూడ పగటి సైరన్‌కే. గోలీల మత్తుకు ఆమె ఏసుకున్నది మరిచి మళ్ల ఏసుకునేది, అందుకని డబ్బీ మా చేతులనే ఉండేది.

ఒక దినం అమ్మ పరకాలకు సావుకు పోతూ, "గోలీ మర్వకు బిడ్డా" అని డబ్బీ నా చేతుల పెట్టింది. నేను వాకిట్ల కూసుండి కాలం మీద రాసిన పుస్తకం తెరిచిన. కాలం బయట లేదట, మనసులనే సాగుతదట. పోయిన స్వరం ఇంకా మనసుల నిలిచి ఉంటది గనకనే పాట పాటయితదట. ఎంత మంచిగున్నదో! సైరన్ కూసినంక లేద్దాం అనుకున్న. మిల్లుల ఆ పొద్దుగాలనే సమ్మె మొదలైంది, సైరన్ కూసేది లేదు, నాయిన గేటుకాడ ఉన్నడు. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసి సుత సైరన్ కోసమే చూసుకుంట కూసున్న, గాడిదను!

మాడు వాసన వస్తే తలెత్తిన. వాకిట్ల ఎండ ఎప్పుడో పోయింది. లోపలికి ఉరికిన. అక్క పొయ్యికాడ పడున్నది, కుడిచెయ్యి నిప్పుల మీద.

దవాఖానల ఆమెకు తెలివొచ్చింది. మోచేతి దాక కట్టు. "తమ్మీ, ఎంతసేపైంది? నేనేం జేసిన?"

పది అడుగుల దూరంల ఉన్నోన్ని, ఎప్పుడు పడ్డదో నాకు తెల్వది. ఆమెకు లేని ఆ కాలం నా దగ్గర గూడ లేదు. ఆ మాట చెప్పాల్నంటే భయమైంది. లేనిది ఉన్నట్టు అల్లిన.

"జరంతసేపే అక్కా. 'తమ్మీ' అని పిలిచినవ్, పడ్డవ్."

అక్క నమ్మింది. నా మాట ఎన్నడు నమ్మలేదు గనక? కట్టు దిక్కు చూసుకున్నది. కోపం లేకుండనే అడిగింది.

"మరి పిలిస్తే రాలేదేంది, తమ్మీ?"

నిజంగ పిలిచిందో ఏమో, నాకు ఇయ్యాల్టికి తెల్వది.