మూడు చుక్కల కమాను

నారాయణఖేడ్‌లో తుపాకులు బాగుచేసే ముక్తార్‌ను గొప్ప పనివాడని అనలేను. జాగ్రత్త ఎరిగిన పనివాడు. అతనికంటె చురుకైనవాళ్లు తమకు తెలియని చోట కూడా ఆగేవారు కారు. అతడు ఆగేవాడు.

నిజాం కాలపు ఫసలీ పదమూడు వందల యాభైలో, జొన్న మోకాలెత్తున ఉండగా, కంగ్టి నుంచి కావలి మత్తయి తమ పటేలు పాత తుపాకిని తెచ్చాడు. ఒకసారికి ఒక్క తూటాయే పట్టే రకం. తూటాను కొట్టి పేల్చే ఘోడాను ముందుకు తోసే ఉక్కు స్ప్రింగు, అదే కమాను, తెగింది. సగం ముక్క అప్పటికే ఎక్కడో రాలిపోయింది.

"కంకి పాలువోసుకునే లోపల గావాలె సాబ్. నిరుడు అడివిపందులు సగం చేను తిన్నయ్. ఈసారి గూడ గట్లనే అయితే పటేలు నన్ను ఎల్లగొడ్తడు. డబ్బా కొడ్తే పందులు నవ్వుతున్నయ్."

"పందులు నవ్వుతయా?"

"మా చేన్లయి నవ్వుతయ్."

ముక్తార్ హైదరాబాదు దుకాణాలకు ఉత్తరాలు రాశాడు. ఒక్క జవాబే వచ్చింది: ఆ రకం భాగాలు తండ్రుల కాలంలోనే నిలిచిపోయాయి, తుపాకిని గోడకు తగిలించుకోండి. ఊహతో రెండు కమాన్లు చేశాడు. రెండూ విరిగాయి. మూడోది మొదలుపెట్టేముందు పాత ముక్క తుప్పు గీకితే, లోపలి వైపున సన్నని చుక్కలు మూడు కనిపించాయి.

అవి గిద్యోనువి. ఇద్దరూ ఒకే ఉస్తాదు దగ్గర పని నేర్చారు. భాగాన్ని స్వయంగా చేసినవాడే, బయటికి కనబడని చోట, తన గుర్తు పెట్టాలన్నది ఉస్తాదు నియమం. ముక్తార్‌ది నెలవంక. ఆ ఉస్తాదు దగ్గరున్నప్పుడు ఈ కమాను చేసింది ముక్తార్. గిద్యోను దానిమీద తన చుక్కలు పెట్టాడు. ఆ రోజు ఇద్దరి మధ్య ఆగిన మాటలు ఇరవై రెండేళ్లయినా మళ్లీ సాగలేదు. విచిత్రమేమంటే, తాను తీర్చిన వంపును ముక్తార్ చేయి మరచిపోయింది. మనసు మాత్రం అవమానాన్ని చుక్కలతో సహా దాచుకుంది. ఏది దాచుకోవాలో జ్ఞాపకానికి తెలియదు.

ఆ వంపు తెలిసినవాడు ఇంకొక్కడే, గిద్యోను. ముక్తార్ పాత ముక్క పట్టుకుని, అతడుండే బీదర్‌కు బయలుదేరాడు. మొదటి మాట ఏమనాలో దారి పొడవునా వెతుక్కున్నాడు.

గిద్యోను భార్య లీలమ్మ తలుపు తీసింది.

"ఎవరు గావాలె?"

"ఖేడ్ నుంచి వచ్చిన. ముక్తార్."

ఆమె తలుపు బార్లా తెరిచింది. "మస్తు జల్దీ వచ్చినవ్ భాయీ. ఆయన పోయి మూడేండ్లు."

తర్వాత అతన్ని వంటింటి తలుపు దగ్గరికి తీసుకుపోయింది. చెక్క లోపలి వైపు నిండా మేకుతో గీసిన కమాన్లు, ఘోడాలు, మరలు.

"ఏ పని చేసినా కొలత గీడ గీసేటోడు. రంగేద్దామంటే ముట్టనియ్యకపాయె. 'ఖేడ్‌ల ఒకడున్నడు, ఎన్నడన్న అవసరం పడి వస్తడు' అంటుండె. ఉత్తరం రాయరాదా అంటే, 'వాడే రావాలె' అనెటోడు. ఇద్దరికిద్దరే!"

గొళ్లెం పక్కన, పాత ముక్క ఆనిస్తే సరిగ్గా సరిపోయే ఆ వంపు ఉంది. దాని నడుమ మూడు చుక్కలు లేవు. నెలవంక ఉంది.

ముక్తార్ కాగితం పరిచి, బొగ్గు రుద్ది గీతను ఎక్కించుకున్నాడు. కాగితం రెండుసార్లు చిరిగింది. దారిలో కూర్చుకున్న మాట మాత్రం ఎవరికీ చెప్పకుండానే తిరిగి వచ్చింది.

కంకులు పాలు పోసుకుంటున్న వారంలో మత్తయి మళ్లీ వచ్చాడు. కొత్త కమానుతో ముందురోజే ఊరి బయట పేల్చి చూసిన తుపాకిని ముక్తార్ మరోసారి విప్పి కూర్చున్నాడు. ఆకురాయి మొనతో కమాను లోపలి వైపు చుక్కలు పెడుతున్నాడు. రెండు. మూడు.

"ఇగ ఏంది సాబ్, ఇంక అయిపోలేదా?"

"పేరు రాస్తున్న."

"నీదా?"

"కొలత దాచినోనిది."

"గంత లోపట రాస్తే ఎవ్వరికి కనపడ్తది?"

"విప్పెటోనికి."

మత్తయి నవ్వాడు. "గీ ఇలాకల ఇగ నువ్వు తప్ప విప్పెటోడు ఎవడున్నడు?"

ముక్తార్ కమానును దాని చోట కూర్చోబెట్టి, మర బిగించాడు.