పేడనీళ్ళు తప్పించిన ఏడాది

మా చిన్నప్పుడు... ఇటుకల పండగ వచ్చిందంటే మా ఊరి ఆడవాళ్ళు పొద్దున్నే పశువుల సాలలో చేరేవారు. పేడ పోగుచేసి, కడవల్లో నీళ్ళు పోసి కలిపి, ఊరి మొదట్లో వరసగా పెట్టుకునేవారు.

మాది చీడికాడ దాటాక కొండ మీద ఊరు. చైత్రంలో, విత్తనాలు చల్లే ముందు ఈ పండగ. మగవాళ్ళు విల్లూ బాణాలూ పట్టుకుని వేటకి పోయేవారు. కుందేలో అడవికోడో తెచ్చినవాడికి మర్యాద. ఉత్త చేతులతో దిగినవాడికి పేడనీళ్ళు... అదీ ఎవరు పడితే వాళ్ళు పొయ్యకూడదు. వదినలు, మరదళ్ళు, ఆ వరస వాళ్ళే పొయ్యాలి.

మా నాన్న నాగలి చెక్కితే పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి చూసేవారు. బాణం మాత్రం ఎటు పోతుందో ఆయనకే తెలిసేది కాదు. ఏటా తడిసేవాడు. మా అమ్మ చెల్లెలు బుల్లెమ్మ పిన్ని ఆయన కోసం ఒక కడవ విడిగా ఉంచేది... పేడ కాస్త ఎక్కువ వేసి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఇక అది చూడకూడదనుకున్నాను. ఊరవతల పారే గెడ్డ దాకా పోయి నాన్నకి ఎదురు నిలబడ్డాను. చేతులు ఖాళీ. పిన్ని కాసుకుని ఉందని చెప్పి, చెయ్యి పట్టుకుని జీడితోట వెనక దారిన ఇంటికి తీసుకొచ్చేశాను. ఆయన విల్లు భుజాన వేసుకుని వచ్చాడు. నేను గెలిచాననుకున్నాను...

సాయంత్రం డప్పులు మోగాయి. థింసా ఆడే వరసలో నాన్న చేరబోతే పిన్ని అడ్డం వచ్చింది.

"యేటకెళ్ళినోడి సేతిలో మాంసమైనా ఉండాల, ఒంటి మీద పేడైనా ఉండాల. నీకు రెండూ లేవు బావ. ఎళ్ళేవని ఎలాగ నమ్మమంటావు?"

అందరూ నవ్వారు. ఎండలో కొండలన్నీ తిరిగి, కాళ్ళకి ముళ్ళు దిగిన మనిషి ఇంట్లో పడుకున్నవాడి కింద జమ అయిపోయాడు. నా వల్ల. ఏ దారిన వచ్చావని అడిగితే నాన్న నా పేరు చెప్పలేదు. దారి తప్పానన్నాడు. పుట్టిన ఊళ్ళో దారి తప్పాడట... ఇంకా నవ్వారు.

నాన్న వెళ్ళి కడవ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పొయ్యే బుల్లెమ్మా. అడుగున పేడ కూడా మిగల్సకు."

పోసింది. కారుతున్న ఒంటితోనే లేచి ఆటలో చేరాడు. అంత హుషారుగా ఆయన ఆడటం నేను అంతకు ముందు చూడలేదు.

ఇప్పుడు మా ఊరికి తారు రోడ్డు పడింది. వేట పేరుకే... మగవాళ్ళు అడవి అంచు దాకా వెళ్ళి వచ్చేస్తారు. అందరూ ఉత్త చేతులే, అందరూ తడవాల్సిందే. అది చూడటానికి అనకాపల్లి నుంచీ, విశాఖ నుంచీ కార్లు వస్తాయి. నిరుడు కడవల కంటే ఫోన్లు ఎక్కువ కనబడ్డాయి. ఒకాయన పొద్దుట్నుంచి మగవాళ్ళ వెనకే తిరిగి వీడియోలు తీశాడు. పిన్ని నాన్న మీద పోస్తుంటే వీడియోలో సరిగ్గా పడలేదని, మళ్ళీ పొయ్యమన్నాడు.

అరవై దాటిన పిన్ని కడవ కింద పెట్టింది.

"నువ్వూ అడవికెళ్ళేవు కదా బాబూ. ఏటి తెచ్చేవు?"

ఆయన ఫోన్ చూపించాడు.

"కూరొండుకోడానికి పనికొత్తాదా అది?"

పొయ్యడానికి వరస కావాలి కదా... పిన్ని నాన్న వైపు చూసింది. నాన్న "నా తమ్ముడనుకోయే" అన్నాడు.

ఆయన నవ్వుతూ, వీడియో నడుస్తున్న ఫోన్ నాన్న చేతికిచ్చి వంగి కూర్చున్నాడు. పిన్ని మొహమాటపడలేదు. ఆ తర్వాత ఆయన చీకటి పడేదాకా మాతోనే ఆడాడు. ఇప్పటికీ నాన్నకి ఫోన్ చేసి అన్నయ్యా అంటాడు.

వీడియో తర్వాత చూశాం. అందులో ఆకాశం, రేకుల కప్పు, ఒక కోడిపెట్ట ఉన్నాయి. నాన్న గురి ఏమీ మారలేదు...

మారినవి వేరే. మట్టి కడవలు పోయి ప్లాస్టిక్ బిందెలు వచ్చాయి. వరస చూసుకుని పోసేవాళ్ళు మా ఊళ్ళో నలుగురైదుగురే మిగిలారు. మీ వైపు పండగల్లో మిమ్మల్ని ఏ వరసవాళ్ళు తడిపేవారు? గుర్తున్నవాళ్ళు కింద రాయండి.