గుర్రం మీద పాటగాడు, మా వియ్యంకుడి భోజనం

మా అమ్మాయి ఇంట్లో మధ్యాహ్నం పూట టీవీలో ఒక గుర్రపు రౌతు పాటలు పాడేవాడు. నలుపు తెలుపు బొమ్మ. టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో అమెరికాలో వారం వారం వేసిన కథలట. ఇప్పుడు నెట్‌లో ఊరికే దొరుకుతున్నాయని మా అమ్మాయి పెట్టి డ్యూటీకి వెళ్ళేది. ఊరికే వచ్చేది కాబట్టి నేనేమీ అనలేదు. వాటిని చూసేది మా వియ్యంకుడుగారు, అంటే అల్లుడి తండ్రి. ఆయన చేత నాలుగు ముద్దలు ఎక్కువ తినిపించడానికి చేసిన ఏర్పాటు అది.

ఇల్లు దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో, మూడో అంతస్తు. అల్లుడికి దూరంగా అల్ ఖోర్‌లో పని. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి. అమ్మాయి ఒక క్లినిక్‌లో చేస్తుంది. మనవరాలు బడికి పోతుంది. వంటకి, పిల్లకి సాయమని నన్ను పిలిపించుకున్నారు. వియ్యపురాలు పోయాక ఆయన్ని కూడా తెచ్చుకున్నారు. పొద్దున్న అందరూ వెళ్ళిపోతే ఆ రెండు గదుల్లో మిగిలేది మేమిద్దరమే. ఆయనకు భార్య లేదు, నాకు భర్త లేడు.

మా ఇళ్ళల్లో మగపెళ్ళివారి ఎదుట పిల్లనిచ్చిన తల్లి కూర్చోదు. వాళ్ళు తిని లేచేదాకా తాను తినదు. పెళ్ళయి ఎన్నేళ్ళు గడిచినా అంతే. నా చదువు రెండో తరగతితో ఆగిపోయింది గానీ, ఇవి పలక మీద రాసి నేర్పే సంగతులు కావు. ఆయనకు వడ్డించి వంటగది గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. ఏమైనా చెప్పాలంటే గోడకి చెప్పినట్టు చెప్పేదాన్ని.

"పులుసు ఇంకాస్త ఉంది."

ఆయన కంచంతో అన్నట్టు అనేవారు.

"చాలు, చాలు."

ప్రార్థన చేసుకునేవారు, గబగబా రెండు మూడు ముద్దలు మింగేవారు, చెయ్యి కడిగేసుకునేవారు. షుగర్ మాత్ర మాత్రం మానేవారు కాదు. అర్ధాకలి మీద ఆ మాత్ర ఏం చేస్తుందో ఒక రోజు చూశాను. సోఫాలో కూర్చున్న మనిషికి చెమటలు పోసి, చేతులు వణికి, చూపు ఎటో పోయింది. పంచదార నీళ్ళు కలిపి గ్లాసు నోటికి అందించాను. కాసేపటికి తేరుకున్నారు. అమ్మాయి వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం కడుపు నిండా తినకుండా ఈ మాత్ర వేసుకుంటే, ఈసారి పడిపోయిన మనిషి లేవకపోవచ్చని డాక్టరు చెప్పాడట.

సాయంత్రం అల్లుడు తండ్రిని కూర్చోబెట్టి అడిగాడు.

"ఎందుకు తినట్లేదు నాన్నా?"

"తింటున్నాగా."

"ఏం తింటున్నావు? చొక్కా హ్యాంగర్‌కి తగిలించినట్టుంది ఒంటి మీద. వంట పడట్లేదా? నజ్మాలో మనవాళ్ళ మెస్సు ఉంది, రోజూ క్యారేజీ పంపిస్తారు. చెప్పనా?"

నేను వంటగదిలోనే ఉన్నాను. వినపడాలనే అన్నాడో, వినపడదనుకునే అన్నాడో తెలియదు.

"తెప్పించుకోండి. ఇంట్లో పొయ్యి వెలుగుతుండగా బజారు కూడు తినడం కూడా ఒక ముచ్చటే" అన్నాను గోడకి.

క్యారేజీ మాట అంతటితో ఆగిపోయింది. కానీ వంట పడట్లేదన్న మాట నాలో ఉండిపోయింది. గుత్తివంకాయ చేశాను. దోసకాయ పప్పు చేశాను. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం, చర్చిలో ప్రార్థన నుంచి వస్తూ అల్లుడు తెచ్చిన చేపతో పులుసు పెట్టాను. మళ్ళీ అవే రెండు మూడు ముద్దలు. మగపెళ్ళివారు వంకలు పెడతారని తెలుసు. నోరు తెరవకుండా పెట్టే వంక మాత్రం నేనెక్కడా చూడలేదు.

అప్పుడు అమ్మాయి ఈ టీవీ ఏర్పాటు చేసింది.

"పసిపిల్లలకి బొమ్మ చూపించి తినిపించినట్టా?" అన్నాను.

"తింటే చాలమ్మా. మామయ్యగారు వయసులో జట్కా నడిపారు. గుర్రం కనపడితే ఆయన లోకం మర్చిపోతారు."

ఆ మాట నిజమే. రౌతు ఏమంటున్నాడో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. కథ తెలియడానికి భాష అక్కర్లేదు. ఎవరిదో పొలమో పశువులో ఎవడో కాజేస్తాడు. తెల్ల టోపీ రౌతు వస్తాడు, నాలుగు తుపాకులు పేలతాయి, దొంగ దొరుకుతాడు, ఇతను పాట పాడి వెళ్ళిపోతాడు. పాట వచ్చేసరికి చేతిలో గిటారు ఉంటుంది. అంతకుముందు గుర్రం మీద దాని జాడే ఉండదు.

కౌబాయ్ అంటే పశువుల కాపరేనని అమ్మాయి చెప్పింది. నేను నమ్మలేదు. బడి మాన్పించాక నన్ను గేదెల వెంట పంపారు. సాయంత్రానికి మోకాళ్ళ దాకా బురద, నెత్తి నిండా దుమ్ము. ఇతని చొక్కాకి గుండీల వెంట కుట్టుపని, మడత నలగదు. పశువుల్ని తోలేవాడికి గొంతు అరవడానికే సరిపోదు, ఇక పాటలు కూడానా! అయినా గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. ఎలాగూ నిలబడాలి కదా.

ఆయన మాత్రం మనిషిని చూసేవారు కాదు, గుర్రాన్నే చూసేవారు.

"కళ్ళెం బిగించి పట్టాడు, ఎదవ. దాని నోరు నొప్పి పుట్టదా?" అనేవారు. ఇంకోసారి, "ఆ డొక్కలు చూడు. దీనికి ఉలవలు బాగా పెడుతున్నారు" అనేవారు.

అలా మాట్లాడుతూ తన ప్రమేయం లేకుండానే నాలుగు ముద్దలు తినేవారు. అంతలో కంటికొసన నేను కనపడేదాన్ని. వెంటనే కంచం పక్కకు జరిపి లేచేవారు. గుర్రం టీవీలో పరిగెడుతూనే ఉండేది.

ఒక రోజు కథలో అందరూ పశువుల్ని ఎక్కడికో తోలుకుపోతున్నారు. చీకటి పడింది. బండి పక్కన మంట వేసుకుని రేకు పళ్ళాల్లో తింటున్నారు. పశువుల ఆసామి, రౌతు, కూలివాళ్ళు, గరిటె పట్టుకున్న ముసలి వంటవాడు, అందరూ నేల మీద ఒకే వరసలో కూర్చున్నారు.

ఆయన ముద్ద కలుపుతూ టీవీతో అన్నారు.

"వంటవాడు కూడా కూర్చున్నాడు. అదీ పద్ధతి. వాడు ఆకలితో నెత్తిన నిలబడి ఉంటే వీళ్ళకి ముద్ద దిగుద్దా?"

నేను వంటగది గట్టు తుడుస్తున్నదాన్ని ఆగిపోయాను. ఆయనతో సూటిగా మాట్లాడటం నాకు అలవాటు లేదు. ఆ రోజు మాట్లాడాను.

"అన్నయ్యగారూ, ఆ మాట నాకా, గుర్రానికా?"

"గుర్రానికి తెలుగెక్కడ వచ్చు చెల్లెమ్మా?"

"అయితే ఇన్నాళ్ళూ నా కూర బాగోక లేచిపోవట్లేదా?"

"బాగోకపోతే ఊరుకునేవాణ్ణా? మగపెళ్ళివారం. పందిట్లోనే కంచం తోసేసేవాళ్ళం." ఆయన తల తిప్పకుండానే అన్నారు. "నేను లేస్తేగానీ మీరు తినరు. పొద్దున్నుంచి పని చేసిన మనిషి అలా నిలబడి ఉంటే నాకెక్కడ దిగుద్ది? తొందరగా లేస్తే తొందరగా తింటారని లేస్తున్నా."

"నేను తినాలని మీరు పస్తుండి మాత్ర మింగుతున్నారా? బాగుంది. మీరు పడిపోతే మగపెళ్ళివారిని మాడ్చి చంపానని ఊరంతా నన్నే అనేది."

"అంటారు. మావాళ్ళ నోళ్ళు నాకు తెలియవా?"

"మరి చెప్పొచ్చుగా?"

"ఎట్టా చెప్పేది? కూర్చోమంటే మీరు కూర్చుంటారా?"

కూర్చోను. ఆ మాటా నిజమే. టీవీలో మంట పక్కన కూర్చున్నవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ఆయన చెయ్యి కంచంలోనే ఉంది. లేవబోతున్నట్టు కనపడింది.

నేను వంటగదిలో ఉన్న ప్లాస్టిక్ స్టూలు తెచ్చి సోఫాకి పక్కగా, ఒక అడుగు వెనక్కి వేశాను. అక్కడి నుంచి ఆయన ముఖం కనపడదు, నా ముఖం ఆయనకు కనపడదు. ఎదురుగా కూర్చోవడం తప్పు గానీ, ఇద్దరం టీవీకి ఎదురుగా కూర్చుంటే అందులో తప్పేముంది? కంచంలో అన్నం పెట్టుకుని కూర్చున్నాను. ఆయన కంచం జరిగిన చప్పుడు వినపడింది. పక్కకి కాదు, దగ్గరికి. ఆ రోజు పులుసన్నం, ఆ మీద మజ్జిగన్నం కూడా తిన్నారు. రౌతు దొంగని పట్టుకున్నాడో లేదో ఇద్దరం చూడలేదు.

తర్వాత అదే అలవాటైంది. ఆయన సోఫాలో, నేను స్టూలు మీద. మాటలన్నీ టీవీ ముఖంగానే. ఒక రోజు అమ్మాయి మధ్యాహ్నమే ఇంటికి వచ్చి మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన మళ్ళీ వణకలేదు. డాక్టరు మాత్ర మార్చలేదు, బరువు చూసి తలూపాడని అమ్మాయి చెప్పింది.

మొన్న బీరకాయ కూర వండాను. రెండో ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన టీవీతో అన్నారు.

"ఉప్పు పడలేదు. ఇదేం వంట?"

"నాకు బీపీ ఉంది. బీపీ ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో అంతే" అన్నాను.

"మా ఇంటికి పిల్లనిచ్చినప్పుడు ఈ సంగతి చెప్పలేదే" అంటూ కంచం ముందుకి చాపారు. ఇంకో గరిటె వేశాను.